డూమ్ 2 ఆడటం ఎలా: మొదటి గది నుంచి ఆఖరి గోడ దాకా

డూమ్ 2 అనేది రాక్షసులను తుపాకులతో వేటాడే కంప్యూటర్ ఆట. అది మొదలవగానే ఎదురుగా ఇద్దరు సైనికులు అటు తిరిగి నిలబడి ఉంటారు. మీరు వచ్చిన సంగతి వాళ్లకు తెలియదు. మీ దగ్గర పిస్తోలు, 50 బుల్లెట్లు ఉంటాయి. కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడ ఉన్నచోటే నిలబడి కాల్చేస్తారు, ఇద్దరూ పడిపోతారు, ఆట ఇంతేనేమో అనిపిస్తుంది. ఆ అలవాటుతోనే ముందుకు వెళ్తే పదో లెవెల్ చేరేలోపే చుక్కలు కనిపిస్తాయి.

ఎందుకంటే ఈ ఆటలో గురి సంగతి చాలావరకు ఆటే చూసుకుంటుంది. శత్రువు మెట్ల పైన ఉన్నా, గుంతలో ఉన్నా, మీ తుపాకీ వాడి వరుసలో ఉంటే చాలు, గుండు దానంతట అదే పైకో కిందికో వెళ్తుంది. మీరు నేర్చుకోవాల్సింది కాళ్ల పని. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి, ఎవరి సంగతి ముందు చూడాలి. నేను చిన్నప్పుడు మా పెదనాన్న గారింట్లో కీబోర్డు మీద నాలుగు బాణం మీటలతోనే దీన్ని ఏళ్ల తరబడి ఆడాను. పక్కకు నడవడం అనేది ఒకటుందని తెలిశాక మొత్తం ఆటే మారిపోయింది. ఆ ఒక్క విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! అందుకే ఇది రాస్తున్నాను.

నేపథ్యం క్లుప్తంగా. మొదటి డూమ్ 1993 డిసెంబర్‌లో వచ్చింది. అందులో మొదటి భాగాన్ని ఎవరికి వారు కాపీ చేసి పంచుకోవడానికి అనుమతి ఉండేది కాబట్టి ప్రపంచమంతా పాకింది. దాని తర్వాతి భాగం డూమ్ 2, 1994 అక్టోబర్‌లో నేరుగా షాపుల్లోకి వచ్చింది. చేసింది అదే సంస్థ, అమెరికాలో టెక్సాస్‌కు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్. ఇంజిన్, అంటే ఆటను నడిపించే ప్రోగ్రామ్, కూడా అదే. కొత్తగా వచ్చినవి ఒక తుపాకీ, కొన్ని రాక్షసులు, భూమ్మీద మొదలై నరకం దాకా సాగే 32 లెవెళ్లు. లెవెళ్లలో ఎక్కువ భాగం శాండీ పీటర్సన్ గీసినవి. జాన్ రొమేరో, అమెరికన్ మెక్‌గీ మిగతా వాటిలో చాలా చేశారు.

మొదటి మెట్టు: ఆటను కంప్యూటర్‌లో పెట్టుకోవడం

ఇప్పుడు దీన్ని ఆడటానికి పాత కంప్యూటర్ అక్కర్లేదు. స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాల్లో డూమ్, డూమ్ 2 రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. 2024 ఆగస్టులో వచ్చిన ఈ కొత్త రూపం కొని, ఇన్‌స్టాల్ చేసి, నేరుగా ఆడేయొచ్చు. ఇందులో అదనపు లెవెళ్లు కూడా బోలెడున్నాయి. మొదటిసారి ఆడేవాళ్లకు నా సలహా ఇదే.

పాత రుచి కావాలంటే ఇంకో దారి ఉంది. ఈ ఆట రెండు ముక్కలు. ఒకటి ఇంజిన్. రెండోది డూమ్2.వాడ్ అనే ఒక ఫైలు. బొమ్మలు, శబ్దాలు, లెవెళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఇంజిన్ సోర్స్ కోడ్‌ను ఇడ్ వాళ్లు 1997 డిసెంబర్‌లో బయటపెట్టారు. అప్పటి నుంచి ఔత్సాహికులు దాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నారు. చాకొలెట్ డూమ్ అచ్చం పాత ఆటలాగే నడుస్తుంది. క్రిస్పీ డూమ్ అదే ఆటను కొంచెం స్పష్టంగా చూపిస్తుంది. జీజెడ్‌డూమ్‌లో కొత్త హంగులన్నీ ఉంటాయి. నేను వాడేది క్రిస్పీ. దాని జిప్ ఫైలు దించుకుని విప్పండి, కొన్న ఆట ఫోల్డర్‌లో డూమ్2.వాడ్ ఎక్కడుందో వెతికి అందులోకి కాపీ చేయండి, ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేయండి. అంతే, ఆట మొదలవుతుంది.

ఇంజిన్ ఉచితం, వాడ్ ఫైలు మాత్రం కాదు. డబ్బు పెట్టడానికి ముందు రుచి చూడాలనుకుంటే ఫ్రీడూమ్ ఉంది. బొమ్మలూ లెవెళ్లూ అన్నీ ఔత్సాహికులు సొంతంగా చేసి ఉచితంగా ఇచ్చారు. తుపాకులు, రాక్షసుల తీరు డూమ్ 2 లాగే ఉంటుంది కాబట్టి కింద చెప్పేదాంట్లో చాలావరకు దానికీ పనికొస్తుంది.

రెండో మెట్టు: మీటలు

ఇది పది నిమిషాల పని, కాని దీన్ని వదిలేసి ఆటలోకి దూకొద్దు. ముందుకు, వెనక్కి, ఎడమ పక్కకు, కుడి పక్కకు నడవడానికి ఎడమ చేతి కింద నాలుగు మీటలు పెట్టుకోండి. ఈ రోజుల్లో ఆటలన్నిట్లో ఉండే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ చాలు. తిరగడానికి మౌస్. తలుపులకు స్పేస్ బార్ ఎటూ ఉంది.

ఎప్పుడూ పరుగులోనే ఉండేలా పెట్టుకోండి. క్రిస్పీ డూమ్‌లో క్యాప్స్ లాక్ నొక్కితే సరి. పాత ఇంజిన్‌లో మౌస్ పైకి జరిపితే మనిషి ముందుకు నడిచేస్తాడు, కిందికి జరిపితే వెనక్కి పోతాడు. సెటప్‌లోకి వెళ్లి మౌస్ నిలువు కదలికను ఆపేయండి. ఇది ఆపకుండా ఆడి, అంచుల మీద నుంచి జారిపడి విసుగెత్తి వదిలేసినవాళ్లను నేను చూశాను.

మూడో మెట్టు: కష్టం ఎంత పెట్టుకోవాలి

అయిదు స్థాయిలు ఉంటాయి. అన్నిటికంటే తేలికదాంట్లో మీకు తగిలే దెబ్బ సగమే, దొరికే మందుగుండు రెట్టింపు. మూడోది, హర్ట్ మీ ప్లెంటీ, మామూలు స్థాయి. నాలుగోది అల్ట్రా వయొలెన్స్, ఆట రుచి పూర్తిగా తెలిసేది అక్కడే. అయిదోది నైట్‌మేర్. అందులో రాక్షసులు వేగంగా కదులుతాయి, చచ్చినవి కాసేపటికి మళ్లీ లేస్తాయి, దాని జోలికి ఇప్పుడే వద్దు. మూడోదానితో మొదలుపెట్టండి.

సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకోండి. సేవ్ లేకుండా చచ్చిపోతే అదే లెవెల్ మొదట్లో పిస్తోలు, 50 బుల్లెట్లతో లేస్తారు. అంతకుముందు కూడబెట్టిన తుపాకులన్నీ పోతాయి. లెవెల్ మొదలవగానే ఒకసారి, పెద్ద గది ముందు ఒకసారి. రెండు వేర్వేరు చోట్ల సేవ్ చేయండి, ఎందుకంటే ప్రాణం 100కి 8 మాత్రమే ఉన్నప్పుడు ఒకే ఒక్క సేవ్ మీద నొక్కేస్తే అక్కడే ఇరుక్కుపోతారు.

నాలుగో మెట్టు: కాళ్లు

మొదటి లెవెల్ ఎంట్రీవే. ఇది మీ సాధన మైదానం. ఆట మొదలవగానే ముందుకు వెళ్లకుండా వెనక్కి తిరగండి. అటు వెళ్తే రంపం దొరుకుతుంది. చాలామంది ఎదురుగా ఉన్న సైనికులను చూసి, ఆ కంగారులో దీన్ని వదిలేస్తారు. డూమ్ 2 మీకు మొదటి పది సెకన్లలోనే చెప్పే పాఠం ఇది: చుట్టూ చూడు.

ఇప్పుడు సైనికులు. శత్రువులు ఎన్ని రకాలున్నా మీ కాళ్లకు సంబంధించినంతవరకు రెండే జాతులు. ఒకటి, ఏదో ఒకటి విసిరేవి. నిప్పు బంతి, రాకెట్, ప్లాస్మా. అది గాల్లో ప్రయాణించి మీ దాకా రావాలి. రెండోది, తుపాకీ పేల్చేవి. వాటి గుండుకు ప్రయాణం లేదు, పేల్చిన క్షణమే తగులుతుంది. పిస్తోలు సైనికులు, షాట్‌గన్ సైనికులు, తెరిపి లేకుండా పేలే చైన్‌గన్ పట్టినవాళ్లు ఈ రెండో జాతి.

మొదటి జాతి దగ్గర కదలాలి. గోధుమ రంగు ఇంప్ విసిరే నిప్పు బంతి కంటే మీ పరుగే వేగం. దాని చేయి లేవగానే పక్కకు రెండడుగులు వేస్తే చాలు. రెండో జాతి దగ్గర ఎంత గెంతినా లాభం లేదు, గోడ చాటు కావాలి. తలుపు అంచున నిలబడి, సగం బయటకు వచ్చి కాల్చి, మళ్లీ చాటుకు పోవాలి. గదిలో రెండు జాతులూ కలిసి ఉంటే ముందు తుపాకీ వాళ్లను తీసేయాలి. ఇంప్‌ల సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఎంట్రీవేలో ఒక పూట ఇదే సాధన చేయండి. కాల్చకుండా ఇంప్ ముందు నిలబడి, ఇరవై నిప్పు బంతులు వరసగా తప్పించుకోండి. వెనక్కి పరుగెత్తడం అలవాటు చేసుకోవద్దు, వెనకేముందో కనిపించదు. పక్కకే కదలండి, కళ్లు మాత్రం శత్రువు మీదే ఉండాలి. ఇంకో సంగతి, ముందుకు పరుగు మీట, పక్క మీట రెండూ కలిపి నొక్కితే మామూలు పరుగు కంటే వేగంగా వెళ్తారు. మామూలు పరుగుతో అందని అంచుకు దూకాల్సినచోట ఇది పనికొస్తుంది.

మరొకటి, శబ్దం. మీరు ఏ ఆయుధం వాడినా, ఆఖరికి గాల్లో పిడికిలి విసిరినా, ఆ శబ్దం తెరిచి ఉన్న దారుల గుండా వెళ్లి రాక్షసులను లేపుతుంది. కొన్ని మాత్రం మాటు వేసి మీరు కంటపడేదాకా కదలవు. కాబట్టి కొత్త తలుపు తెరవగానే లోపలికి పోవద్దు. ఒక్కసారి పేల్చి రెండడుగులు పక్కకు తప్పుకోండి. వచ్చేవాళ్లు తలుపు సందులోంచి ఒక్కొక్కరుగా మీ దగ్గరికే వస్తారు.

అయిదో మెట్టు: సూపర్ షాట్‌గన్

నన్నడిగితే ఈ తుపాకీయే డూమ్ 2. రెండు గొట్టాలు, ఒక్క దెబ్బకు రెండు తూటాలు. రెండో లెవెల్ అండర్‌హాల్స్‌లో మొదటిసారి దొరుకుతుంది. దొరికాక ఆట చివరిదాకా మీ చేతిలో ఎక్కువసేపు ఉండేది ఇదే.

లెక్క చూడండి. మామూలు షాట్‌గన్ తూటాలో 7 గుళ్లుంటాయి. సూపర్ షాట్‌గన్ ఒక్కసారి పేలితే 20 గుళ్లు. ఒక్కో గుండు సగటున 10 దెబ్బ. అంటే అన్నీ తగిలితే 200. రెండు తూటాలకు మామూలు తుపాకీ ఇచ్చేది 140. కాబట్టి తూటా ఖర్చు చూసుకున్నా ఇదే లాభం. షరతు ఒక్కటే, దగ్గరగా ఉండాలి. గుళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి, దూరం పెరిగేకొద్దీ సగం గోడకు పోతాయి. దూరంగా ఉన్నవాళ్లకు మామూలు షాట్‌గనో, చైన్‌గనో తీయండి.

పేల్చాక మళ్లీ నింపడానికి ఒకటిన్నర సెకన్లకు పైనే పడుతుంది. ఆ ఖాళీలోనే జనం చస్తారు. దీన్ని ఎలా ఆడాలో తెలుగువాళ్లకు చెప్పడం తేలిక, కబడ్డీ చూసినవాళ్లమే కదా. కూతకు వెళ్లినవాడు గీత దాటి, ఒక్క అంగలో తాకి, ఎదుటివాళ్లు చేతులు వేసేలోపు వెనక్కి వచ్చేస్తాడు. ఇదీ అంతే. తుపాకీ నిండగానే పక్కవాటుగా లోపలికి దూసుకెళ్లండి, ముక్కు మీద పేల్చండి, గొట్టాలు విరిచి తూటాలు పెడుతున్నంతసేపూ పక్కవాటుగా బయటకు జరగండి. టక్‌మని మూసుకున్న శబ్దం వినగానే మళ్లీ లోపలికి. ఈ లయ ఒకసారి వంటబడితే కళ్లు తుపాకీ మీద పెట్టక్కర్లేదు, చెవే చెబుతుంది. నాకైతే ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన చప్పుడు అదే.

సాధనకు మంచి జత గులాబీ రంగు డీమన్. దాని బలం 150, అంటే మొత్తం అంత దెబ్బ తగిలితే చస్తుంది, కరవడం తప్ప ఇంకేమీ చేయలేదు. దగ్గర్లో పేలిస్తే చాలాసార్లు ఒక్క దెబ్బకే పోతుంది.

మిగతా ఆయుధాల గురించి క్లుప్తంగా. చైన్‌గన్‌ను తెరిపి లేకుండా పేల్చితే బుల్లెట్లు చెదురుతాయి, మీట తట్టి తట్టి వదిలితే మొదటి రెండు బుల్లెట్లు సూటిగా పోతాయి. తేలుతూ వచ్చే ఎర్రటి కకోడీమన్‌కు ఇదే మందు, దెబ్బ మీద దెబ్బ తగులుతుంటే అది ఉమ్మడానికి తెరిపి దొరకదు. రాకెట్ లాంచర్‌ను ఇరుకు సందులో వాడొద్దు, పేలుడు మీకూ తగులుతుంది. బెర్సర్క్ పెట్టె తీసుకున్నాక పిడికిలి దెబ్బ పది రెట్లవుతుంది, ఆ లెవెల్ అయ్యేదాకా ఉంటుంది. తెర మీద ఎరుపు తగ్గిపోయింది కదా అని బలం పోయిందనుకోవద్దు.

ఆటలో అన్నిటికంటే పెద్ద తుపాకీ బీఎఫ్‌జీ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. ఒక్క దెబ్బకు సెల్స్ అనే మందుగుండు 40 తింటుంది. పచ్చ గోళం తగలడం ఒక దెబ్బ. ఆ గోళం పేలాక, మీరున్న చోటు నుంచి, మీరు కాల్చిన దిక్కుగా కంటికి కనిపించని 40 కిరణాలు విసనకర్రలా వెళ్తాయి. అసలు నష్టం చేసేవి అవే. కాబట్టి గోళాన్ని గోడకేసి కొట్టి, అది పేలేలోపు గుంపు ఎదురుగా వచ్చి నిలబడినా పని జరుగుతుంది.

కవచం విషయంలో ఒక మెలిక. పచ్చ కవచం దెబ్బలో మూడో వంతు ఆపుతుంది, నీలం సగం ఆపుతుంది. మీ నీలం కవచం 60కి దిగినప్పుడు పచ్చది తొక్కితే అంకె 100కు ఎక్కుతుంది కాని రక్షణ మూడో వంతుకు పడిపోతుంది. ముందున్న గది పెద్దదని తెలిస్తే ఆ పచ్చదాన్ని అక్కడే వదిలి, తర్వాత వచ్చి తీసుకోండి.

ఆరో మెట్టు: ఎవరు ముందు

డూమ్ 2లో చావు ఎక్కువగా తప్పుడు వరుస వల్ల వస్తుంది. పెద్ద బొమ్మను చూసి భయపడి దాని మీద పడతాం, మూలనున్న చిన్నవాడు ప్రాణం తీస్తాడు. నా వరుస ఇది, ఏళ్లుగా మారలేదు.

అందరికంటే ముందు ఆర్చ్‌వైల్. పొడుగ్గా, పాలిపోయి, ఎముకలు తేలి ఉంటుంది. బలం 700. పదకొండో లెవెల్లో మొదటిసారి కనిపిస్తుంది. చచ్చిపోయిన రాక్షసుల దగ్గరికి పరుగెత్తుకెళ్లి వాటిని లేపుతుంది. మీరు అరగంట కష్టపడి చంపినవన్నీ మళ్లీ నిలబడతాయి. ఆటలో అతిపెద్ద రాక్షసులైన సైబర్‌డీమన్‌ను, స్పైడర్ మాస్టర్‌మైండ్‌ను, ఇంకో ఆర్చ్‌వైల్‌ను మాత్రం లేపలేదు. మిమ్మల్ని చూస్తే చేతులు పైకెత్తుతుంది, మీ చుట్టూ మంట లేస్తుంది, దాదాపు 2 సెకన్ల తర్వాత పేలుతుంది. ఆ పేలే క్షణంలో మీరు దాని కంటపడకుండా ఉంటే దెబ్బ తగలదు. అంతే కిటుకు. స్తంభం పక్కన నిలబడి పోరాడండి. మంట లేవగానే స్తంభం వెనక్కి. పేలిన శబ్దం వినగానే బయటకు వచ్చి సూపర్ షాట్‌గన్‌తో ఒకటి. నాలుగు మంచి దెబ్బలు పడితే పోతుంది. చాటు లేని మైదానంలో ఎదురైతే పరుగెత్తి దాని మీదికే వెళ్లి ఉన్నదంతా గుమ్మరించాలి, పారిపోయేంత సమయం ఉండదు.

తర్వాత చైన్‌గన్ వాడు. బలం 70 మాత్రమే, దగ్గరగా ఒక్క దెబ్బ చాలు. కాని ఒకసారి పేల్చడం మొదలుపెట్టాడంటే మీరు చాటుకు పోయేదాకా ఆపడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తున నిలబడితే 100 ప్రాణం క్షణాల్లో కరిగిపోతుంది. వాడి శబ్దం వినగానే ముందు చాటు, తర్వాత ఆలోచన.

మూడోది పెయిన్ ఎలిమెంటల్. గాల్లో తేలే గోధుమ రంగు ముద్ద. నోట్లోంచి మండే పుర్రెలను వదులుతుంది, చచ్చేటప్పుడు కూడా మూడు వదులుతుంది. దూరం నుంచి వేధించే కొద్దీ పుర్రెలు పెరుగుతాయి. దాని ముఖానికి ముఖం ఆనించేంత దగ్గరికి వెళ్లండి. బయటకు రావడానికి చోటు లేక పుర్రెలు పుట్టగానే పగిలిపోతాయి.

రెవెనెంట్ అస్థిపంజరం. బలం 300, రెండు దెబ్బల పని. దాని భుజాల మీంచి వచ్చే క్షిపణుల్లో కొన్ని సూటిగా పోతాయి, కొన్ని మిమ్మల్ని వెంటాడతాయి. వెంటాడేదానికి వెనక పొగ ఉంటుంది. పొగ కనిపిస్తే గోడ మూల తిరగండి, అది వచ్చి గోడకు గుద్దుకుంటుంది. దగ్గరికి వెళ్తే క్షిపణి మానేసి గుద్దడానికి చేయి ఎత్తుతుంది, అప్పుడొక్క అడుగు వెనక్కి వేస్తే ఆ గుద్దు గాలికి పోతుంది. ఇది వచ్చాక సూపర్ షాట్‌గన్ కబడ్డీ అసలు రంగు బయటపడుతుంది.

లావుపాటి మ్యాంక్యుబస్ దగ్గర మాత్రం ఎక్కువ గెంతొద్దు. మూడు దఫాలుగా, దఫాకు రెండేసి నిప్పు బంతులు వదులుతుంది. వాటిలో కొన్ని కావాలనే పక్కలకు పోతాయి, కంగారుగా పక్కకు పరుగెత్తేవాడికి తగిలేది అవే. చిన్న చిన్న అడుగులతో మధ్య ఖాళీలో నిలబడండి. సాలీడు లాంటి అరక్నోట్రాన్ సంగతి దీనికి పూర్తి వ్యతిరేకం. అది వరసగా ప్లాస్మా పేలుస్తూనే ఉంటుంది, మీరు ఒకే దిక్కుగా తిరుగుతూ ఉంటే అన్నీ మీ వెనక పడతాయి. దిక్కు మార్చారంటే తగులుతుంది.

హెల్ నైట్‌కు 500, బారన్‌కు 1000 బలం. చూడటానికి భయంకరంగా ఉంటాయి కాని వాటి పచ్చ మంటలను తప్పించుకోవడం తేలిక. అందుకే నేను వాటిని ఎప్పుడూ చివరికి వదిలేస్తాను.

ఏడో మెట్టు: ముల్లును ముల్లుతో తీయడం

ఒక రాక్షసి విసిరింది ఇంకో జాతి రాక్షసికి తగిలితే, తగిలించుకున్నది మిమ్మల్ని వదిలేసి దాని మీద పడుతుంది. ఇంప్‌కూ డీమన్‌కూ మధ్య మీరు నిలబడి పక్కకు తప్పుకుంటే చాలు, గొడవ మొదలవుతుంది. ఒకే జాతివి నిప్పు బంతులతో ఒకదాన్నొకటి గాయపరచుకోవు. బారన్, హెల్ నైట్‌లను ఆట ఒకే జాతిగా చూస్తుంది. తుపాకీ సైనికులు మాత్రం వాళ్లలో వాళ్లే కాల్చుకుంటారు. ఆర్చ్‌వైల్ మీదికి ఏదీ తిరగబడదు, అదొక్కటే మినహాయింపు.

ఎనిమిదో లెవెల్ ట్రిక్స్ అండ్ ట్రాప్స్ ఈ విద్యకు బడి. మధ్య గది చుట్టూ తలుపులుంటాయి. ఒక తలుపు వెనక బారన్‌ల గుంపు, వాటితోపాటు 4000 బలమున్న సైబర్‌డీమన్. ఎదురెళ్లి పోరాడితే తూటాలు చాలవు. లోపలికి ఒకసారి తొంగిచూసి, సైబర్‌డీమన్‌కు మీకు మధ్య బారన్‌లు వచ్చేలా జరగండి. సైబర్‌డీమన్ వదిలే రాకెట్లు బారన్‌ల వీపులకు తగులుతాయి. తర్వాత బయటకు వచ్చి చప్పుడు వింటూ కూర్చోండి. చివరికి మిగిలినదాని సంగతి మీరు చూసుకోవచ్చు. ఇరవయ్యో లెవెల్ గాచాలో రొమేరో ఇదే పనిని మొదట్లోనే పెట్టాడు. సైబర్‌డీమన్, స్పైడర్ మాస్టర్‌మైండ్ రెండూ ఒకేచోట ఉంటాయి. రెండింటినీ కలిపేసి తప్పుకోండి.

దారిలో ఆగాల్సిన చోట్లు

ఏడో లెవెల్ డెడ్ సింపుల్ పేరులాగే చిన్నది. ఒక మైదానం, చుట్టూ మ్యాంక్యుబస్‌లు. అవన్నీ చచ్చాక గోడలు దిగి అరక్నోట్రాన్‌లు వస్తాయి. అవి కూడా చచ్చాకే బయటకు దారి. మొదటి దఫాలోనే మందుగుండు అయిపోకుండా చూసుకోండి. రెండో దఫా ఉందని తెలియక, గెలిచామనుకుని నిలబడిపోయేవాళ్లు ఇక్కడే పోతారు.

పదమూడో లెవెల్ డౌన్‌టౌన్‌లో దారి తప్పడం మామూలే. ట్యాబ్ నొక్కి మ్యాప్ చూస్తూ, ఒక్కో భవనాన్ని పూర్తిచేసి ముందుకెళ్లండి. పదిహేనో లెవెల్లో రహస్య ద్వారం ఉంది. అది దొరికితే 31వ లెవెల్‌కు వెళ్తారు. ఇడ్ వాళ్ల పాత ఆట వుల్ఫెన్‌స్టైన్ గదులు అక్కడ కనిపిస్తాయి. అందులో ఇంకో రహస్య ద్వారం 32వ లెవెల్‌కు తీసుకెళ్తుంది. అక్కడ వాళ్లదే ఇంకో పాత ఆట హీరో, చిన్నపిల్లాడు కమాండర్ కీన్ బొమ్మలు నాలుగు వేలాడుతుంటాయి. ఆ పిల్లాడి ఆటలు ఆడినవాళ్లకు మనసు చివుక్కుమంటుంది.

ఇరవై నాలుగో లెవెల్ ది ఛాజమ్‌లో సన్నటి గోడ అంచుల మీద నడవాలి. నిత్య పరుగును ఇక్కడ ఆపేయండి. ఆట మొత్తంలో నడక పరుగు కంటే మేలైన చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

ఆఖరి మెట్టు: ముప్పయ్యో లెవెల్

ఐకాన్ ఆఫ్ సిన్ అంటే ఒక గోడ. గోడ నిండా కొమ్ముల మేక రాక్షసుడి ముఖం. నుదుట ఒక రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఘనాలు ఎగిరొచ్చి పడుతుంటాయి, పడినచోట ఒక రాక్షసి పుడుతుంది. ఏది పుడుతుందో ముందుగా తెలియదు, ఆర్చ్‌వైల్ కూడా రావచ్చు. ఘనం సరిగ్గా మీరున్నచోటే పడితే ప్రాణం పోయినట్టే. ఇక్కడ సమయం మీకు శత్రువు. ఎన్ని చంపినా వస్తూనే ఉంటాయి కాబట్టి చంపే పని పెట్టుకోవద్దు. ఇన్నాళ్లూ నేర్చిన కాళ్ల పని మొత్తం ఇక్కడ వాడాలి.

మొదటి గదిలో ఉన్న రాకెట్లన్నీ తీసుకుని లోపలికి వెళ్లండి. దారిలో అడ్డొచ్చినవాటిని మాత్రమే పక్కకు నెట్టండి. అక్కడున్న స్విచ్ నొక్కాక గోడకు ఎదురుగా ఉన్న స్తంభం లిఫ్టులా పనిచేస్తుంది. దాని మీదెక్కి, ముఖం గోడ వైపు సూటిగా పెట్టండి. పాత ఇంజిన్‌లో పైకీ కిందికీ గురిపెట్టడం లేదు కాబట్టి లిఫ్టు పైకి పోతున్నప్పుడు, మీ తుపాకీ నుదుటి రంధ్రం ఎత్తుకు వచ్చే క్షణంలోనే రాకెట్ వదలాలి. ఒక్క ప్రయాణంలో ఒకటో రెండో లోపలికి పోతాయి. తప్పితే కంగారుపడొద్దు, దిగి మళ్లీ ఎక్కండి. మొదటి రెండు ప్రయాణాలు కేవలం ఎత్తు చూసుకోవడానికే అనుకోండి.

లెవెల్లోకి అడుగుపెట్టగానే ఒక వింత గొంతు వినబడుతుంది. అది వెనక్కి తిప్పిన మాట. దాన్ని సరిచేసి వింటే, ఆట గెలవాలంటే నన్ను చంపాలి, నేను జాన్ రొమేరోని అంటుంది. రంధ్రం లోపల నిజంగా ఆయన తలే ఉంది, ఒక కర్రకు గుచ్చి, బలం 250. సహోద్యోగులు ఆయనకు చెప్పకుండా దాచిపెట్టారు. ఆయన అది కనిపెట్టి, తీసేయకుండా, పైపెచ్చు తన గొంతు కూడా కలిపాడు. మీ రాకెట్లు పేలేది ఆ తల దగ్గరే. మూడోదో నాలుగోదో సరిగ్గా లోపల పడ్డప్పుడు అరుపు వినిపించి గోడంతా వరసగా పేలడం మొదలవుతుంది. అప్పుడిక స్తంభం మీద నుంచి దిగక్కర్లేదు.